ఆమె ఎందుకు నవ్వుతుందో రాయి

మదనపల్లె,
ఆదివారం రాత్రి

చిన్నీ,

పొద్దున మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ శిష్యురాలు ఉద్యోగం మానేసి నవల రాస్తుందట. మీరూ మీరూ చూసుకోండి" అని పెట్టేసింది. తిరిగి చేస్తే ఎత్తలేదు. దానికి కోపం వస్తే నేను అక్కని కాను, ఇంగ్లీషు లెక్చరర్ని. నీకు పుస్తకాల పిచ్చి అంటించింది నేనే కాబట్టి నేరం నా మీదే.

మధ్యాహ్నం మళ్ళీ తనే చేసింది. ఈసారి గొంతు తగ్గింది. "అందరూ సుఖంగా ఉండే దేశం కథట. ఆ సుఖంతోనే వాళ్ళని కట్టి పడేస్తారట. సుఖంగానే ఉన్నారు కదక్కా, ఇంక బాధేంటి?" అంది.

నాకు నవ్వొచ్చింది. ముప్పై ఏళ్ళ పైన పాఠం చెప్పాను, ఏ పిల్లా ఆ ప్రశ్న అంత సూటిగా అడగలేదు. 1932లో ఆల్డస్ హక్స్‌లీ అచ్చు వేయించిన ‘బ్రేవ్ న్యూ వరల్డ్’ నవల మొత్తం ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. మీ అమ్మ ఆ పుస్తకం చదవలేదు. చదవకుండానే నడిమధ్యకి వచ్చి కూర్చుంది.

ఇక నా సంగతి. సాయంత్రం నడకకి వెళ్ళి ఎదురింటావిడతో "మా చెల్లెలి కూతురు నవల రాస్తోంది" అని చెప్పుకున్నాను, ఆవిడ అడక్కపోయినా. ఇంటికొచ్చి తాళం తీస్తూ "దీని ఫ్లాట్ అప్పు ఇంకా ఎన్నేళ్ళుంది?" అని లెక్కలు వేశాను. ఇదంతా ఫోన్లో చెప్పబోతే సగంలో నీకు వేరే కాల్ వస్తుంది. అందుకే కాయితం తీశాను.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తా. ఆరు నెలల ఈఎంఐ బ్యాంకులో పడేదాకా రాజీనామా పంపకు. రోజూ ఒకే వేళకి కూర్చో. రాసింది రెండు చోట్ల దాచు. మధ్యాహ్నం అన్నం ఎగ్గొట్టి బిస్కెట్లు తినకు. ఇవేవీ నీకు తెలియనివి కావు.

హక్స్‌లీని మళ్ళీ చదువు. ఒకసారి చదివావని తెలుసు, నా కాపీ పట్టుకెళ్ళి ఇంతవరకూ ఇవ్వలేదు. అప్పుడు కథ కోసం చదివావు. ఇప్పుడు వంటమనిషి ఇంకొకరి పెళ్ళిలో భోంచేసినట్టు చదువు. రుచి సరే, ఏది ఎప్పుడు వేశాడు, ఎంతసేపు మగ్గనిచ్చాడు అని.

రెండో అధ్యాయంలో పసిపిల్లల గది ఉంది చూడు. ఎనిమిది నెలల పిల్లల ముందు గులాబీలూ రంగుల బొమ్మల పుస్తకాలూ పరుస్తారు. పిల్లలు కేరింతలు కొడుతూ పాక్కుంటూ వెళ్ళి పూరేకులు తుంచుతారు, కాయితాలు నలుపుతారు. ఆ పిల్లల కేంద్రాన్ని నడిపే డైరెక్టరు తొందరపడడు. అందరూ ఆ ఆటలో బాగా మునిగేదాకా ఆగుతాడు. అప్పుడు సైరన్లు మోగుతాయి, ఆ తర్వాత నేలలోకి కరెంటు వస్తుంది. మళ్ళీ అవే పూలు దగ్గరికి తెస్తే పిల్లలు ఏడుస్తూ వెనక్కి పోతారు. ఇలా రెండు వందల సార్లు. నన్ను భయపెట్టింది కరెంటు కాదే, ఆ ఆగటం. నీ నవలలో అలాంటి ఓపిక ఉన్నవాడు ఒక్కడుంటే చాలు, జైళ్ళూ లాఠీలూ అక్కర్లేదు.

ఇంతా చేసి పూలంటే అసహ్యం ఎందుకు పుట్టించాలట? పూలు చూడ్డానికి డబ్బు అక్కర్లేదు కాబట్టి. పల్లెల్లో తిరగడం ఇష్టమైతే జనం ఊరికే తిరిగొస్తారు, ఫ్యాక్టరీలకి గిట్టదు. అందుకని పల్లె మీద విసుగు, పల్లెలో ఆడే ఖరీదైన ఆటల మీద మోజు, రెండూ కలిపి నూరిపోస్తారు. రైలు టికెట్టూ కొనాలి, ఆట సామానూ కొనాలి. అంత క్రూరత్వం వెనక ఒక గుమాస్తా లెక్కల పుస్తకం పెట్టుకుని కూర్చున్నాడన్నమాట.

ఇది గాల్లోంచి పుట్టిన కథ కాదు. 1920లో అమెరికాలో జాన్ వాట్సన్ అనే సైకాలజిస్టు ఏడాది కూడా నిండని పిల్లాడి మీద ఇలాంటి ప్రయోగమే చేశాడు. వాడు తెల్ల ఎలుకను ముట్టుకోబోయినప్పుడల్లా తల వెనక ఇనప కడ్డీ మీద సుత్తితో కొట్టాడు. కొన్నాళ్ళకి ఎలుకను చూస్తే చాలు, పిల్లాడికి ఏడుపు. ఆ వాట్సన్ ఆ తర్వాత యూనివర్సిటీ వదిలి ఎక్కడికి వెళ్ళాడో తెలుసా? అడ్వర్టయిజింగ్ కంపెనీకి. నీకు ప్లాట్ దొరక్కపోతే ఆ ఒక్క మనిషి బతుకు చాలు.

మనమేం తక్కువ తినలేదులే. నీకు రెండు ముద్దలు ఎక్కువ తినిపించడానికి పడమటి గదిలో బూచాడున్నాడని చెప్పింది నేనే. పదేళ్ళొచ్చినా నువ్వు ఆ గదిలోకి ఒక్కదానివే వెళ్ళలేదు. ఇప్పటికీ వచ్చినప్పుడు ముందు లైటు వేసి, తర్వాత గడప దాటుతావు. నేను చూడలేదనుకుంటావు.

జనం ఈ పుస్తకాన్నీ, జనాన్ని భయపెట్టి అణిచే ప్రభుత్వం మీద జార్జ్ ఆర్వెల్ రాసిన ‘1984’నీ ఒకే గాటన కట్టేస్తారు. నువ్వు కట్టకు. ఈటన్ స్కూల్లో ఆర్వెల్‌కి కొన్నాళ్ళు ఫ్రెంచి చెప్పిన మాస్టారు హక్స్‌లీనే. 1949లో ఆర్వెల్ నవల వచ్చాక, అక్టోబరులో ఆ పాత మాస్టారు శిష్యుడికి ఉత్తరం రాశాడు. పుస్తకాన్ని మెచ్చుకుంటూనే, మొహం మీద బూటు పెట్టి తొక్కే పాలన ఎల్లకాలం సాగుతుందా అని అనుమానం వెలిబుచ్చాడు. జనాన్ని కొట్టి లొంగదీయడం కన్నా, తమ బానిసత్వాన్ని తామే ప్రేమించేలా చేయడం పాలకులకి చవక అని తేలుతుందన్నాడు. అది గురువు శిష్యుడికి సలహా రాసిన ఉత్తరమే కదా. అది తలుచుకున్నాకే నాకూ ఈ కలం పట్టే ధైర్యం వచ్చింది.

తెలుగులో రాస్తున్నావు కాబట్టి ఒక చిక్కుంది. ఆ దేశంలో జనం మింగే మాత్ర పేరు ‘సోమ’. మన ఋగ్వేదం నుంచి ఎత్తుకెళ్ళిన పేరే, అందులో తొమ్మిదో మండలమంతా సోముడి మీదే. అర గ్రాము వేసుకుంటే ఒక పూట సెలవు, గ్రాము వేసుకుంటే వారాంతం, రెండు గ్రాములకి తూర్పు దేశాల యాత్ర. తలనొప్పి లేదు, పొద్దున లేచి సిగ్గుపడే పనీ లేదు. ఇంగ్లీషువాడికి ఆ పేరు కొత్తగా మెరుస్తుంది. తెలుగులో "సోమరసం" అని రాశావనుకో, పాఠకుడికి పౌరాణిక సినిమాలో ఇంద్రసభ కనిపిస్తుంది, పక్కన రంభ కూడా. నవల నవ్వులపాలు.

నన్నడిగితే మనకి అంతకన్నా గట్టి మాట ఉంది. మందు. జ్వరానికి మాత్రా మందే, బ్రాండీ సీసా మందే, పొలంలో కొట్టే విషం మందే, తుపాకిలో కూరేదీ మందే. "వాడికేదో మందు పెట్టింది, దాని వెనకే తిరుగుతున్నాడు" అన్నప్పుడు వశం చేసుకునేదీ మందే. ఇన్ని అర్థాలు ఒకే మాటలో ఏ భాషలో దొరుకుతాయి? వాడుకో. ఒక్క పేజీలో కూడా దాన్ని విడమరిచి చెప్పకు.

ఇప్పుడు నీ ఉద్యోగం గురించి. నువ్వు చేసే పని ఏమిటో చాలాకాలం నాకు అర్థం కాలేదు. "యాప్‌లో తెలుగు మాటలు రాస్తా పెద్దమ్మా" అంటే అనువాదం అనుకున్నాను. మీ పెద్దనాన్న పోయిన ఏడాది, నువ్వే నా ఫోన్లో ఆ పదాల ఆట ఎక్కించావు, గుర్తుందా? రోజూ ఆడితే ఒక దీపం వెలుగుతుంది, ఒక్క రోజు మానితే వెలిగిన దీపాలన్నీ ఆరిపోతాయి. నూట పన్నెండు రోజులు వరసగా ఆడాను. నూట పదమూడో రోజు మీ బాబాయి వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతం, ఫోన్ బ్యాగులోనే ఉండిపోయింది. రాత్రి తొమ్మిది దాటాక ఇంటికొచ్చి తీస్తే తెర మీద ఒక మాట ఉంది. "ఇవాళ ఇంకా రాలేదేం? మీకోసమే చూస్తున్నా."

చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి చదివాను చిన్నీ. ఆ మాట నన్ను ఆ ఇంట్లో అడిగేవాళ్ళు లేక అప్పటికి ఏడు నెలలు. లైటు వేయకుండానే కుర్చీలో కూర్చుని ఆట మొదలుపెట్టాను, పదకొండు దాకా ఆడాను. మర్నాడు మీ అమ్మకి చెబితే, "అయ్యో అక్కా, ఆ వాక్యం మన చిన్నీనే రాసింది, ఆఫీసులో దానికి బహుమతి కూడా ఇచ్చారట" అంది.

తిట్టడానికి రాయడం లేదు. అప్పుడు తిట్టాలనిపించింది, నిజం. ఇప్పుడు వేరేగా అనిపిస్తోంది. హక్స్‌లీ నవలలో హెల్మ్‌హోల్ట్స్ వాట్సన్ అనే ఒకడున్నాడు (ఆ ఎలుక వాట్సన్ వేరు). వాడి ఉద్యోగం నీ ఉద్యోగమే. జనం బుర్రలో నాటుకునే చిన్న చిన్న ప్రాసలు రాయడం. బ్రహ్మాండంగా రాస్తాడు. కానీ తన చేతిలో ఉన్న శక్తి ఇంతకన్నా పెద్ద పనికేదో పుట్టిందని లోపల గీరుతూ ఉంటుంది, అదేమిటో తెలియదు. చివరికి వాడిని ఏదో ఒక దీవికి పంపాల్సి వచ్చి, ఎలాంటి వాతావరణం కావాలని అడిగితే, బాగా చెడ్డ వాతావరణం కావాలంటాడు. గాలీ వానా ఉంటే బాగా రాయగలడట. ఫాక్‌లాండ్ దీవులకి పంపుతారు. నువ్వు ఉద్యోగం మానేస్తున్నావన్న మాట వినగానే నాకు ముందు గుర్తొచ్చింది వాడే. ఆ ఒక్క వాక్యం నాతో ఏం చేయించిందో చెప్పాను కదా. అది రాసిన చేతికి మనిషికి ఎక్కడ ఖాళీగా ఉంటుందో తెలుసు. ఆ తెలివిని నవలకి పట్టుకెళ్ళు.

సరే, అసలు సంగతికి వస్తా. ఈ ఉత్తరం దీనికోసమే. నీకెప్పుడూ చెప్పలేదు, నేనూ ఒక నవల రాశాను.

1986. వారపత్రికల్లో నవలల పోటీలు జోరుగా ఉన్న రోజులు. మొదటి బహుమతి డబ్బుతో ఫ్రిజ్ కొనచ్చని మీ పెద్దనాన్న, పేరు తెచ్చుకోవచ్చని నేను. అప్పటికే హక్స్‌లీ తలకెక్కి ఉన్నాడు. ఒక ఊరు, ఆ ఊరికి ఒక పేరు పెట్టాను (చెప్పను, సిగ్గుగా ఉంది). పొద్దున్నే రేషన్ షాపులో అందరికీ ఆకుపచ్చ మాత్ర ఇస్తారు. మింగినవాళ్ళు రోజంతా నవ్వుతూ చెప్పింది చేస్తారు. మింగని మనిషి ఒక్కతే, ఇంగ్లీషు లెక్చరరు. ఎవరో నీకు చెప్పనక్కర్లేదు.

ఆ ఊళ్ళో ఒక ఆడమనిషిని పెట్టాను. మాత్రల కోసం క్యూలో అందరికన్నా ముందు నిలబడుతుంది. బొమ్మల తెర ముందు నోరు తెరుచుకుని కూర్చుంటుంది. తెర మీద వాళ్ళు నవ్వితే నవ్వుతుంది, ఏడిస్తే ఏడుస్తుంది, బయటికొచ్చి మళ్ళీ టికెట్టు కొంటుంది. నాకు బాగా కుదిరిందనుకున్న పాత్ర అదే. తేలిగ్గా కుదిరింది కూడా, ఎందుకంటే ఎదురుగా చూసి రాశాను.

ఆ వేసవిలో మీ అమ్మ మా ఇంట్లో ఉంది. పెళ్ళయి ఏడాది కాలేదు, మీ నాన్న కువైట్ వెళ్ళిన కొత్త. రాయచోటి నుంచి అత్తగారు పదిహేను రోజులకని పంపిస్తే నెలన్నర ఉంది. వారానికి మూడు మ్యాట్నీలు. చూసిన సినిమానే మళ్ళీ చూసేది. చేతిలో ఎప్పుడూ సీరియల్ పేజీలు చింపి కుట్టిన పుస్తకం. డిగ్రీ చదివిన పిల్ల ఇలా తయారైందేమిటి అని నాకు ఒళ్ళు మండేది. ఆ మంటంతా నవల్లో పోశాను. నవల్లో ఆ మనిషికి మీ అమ్మ వంగపండు రంగు చీరే కట్టించాను, అంత సిగ్గులేకుండా.

ఒక రాత్రి కరెంటు పోయింది. నేను వంటింట్లో ఉన్నాను. వచ్చి చూస్తే లాంతరు దగ్గర కూర్చుని నా కాయితాలు చదువుతోంది. వేలు వరస మీద పెట్టి నెమ్మదిగా జరుపుతోంది. చీర రంగు దగ్గర ఆ వేలు ఆగింది. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. కాసేపటికి తల ఎత్తకుండా అడిగింది. "ఈమె ఎందుకు నవ్వుతుందో రాయలేదేం అక్కా?"

"మాత్ర వేసుకుంది కదా, అందుకు" అన్నాను.

"మాత్ర ఎందుకు వేసుకుంది?"

"అందరికీ ఇస్తారే. అదే కదా కథ."

"ఇస్తే మాత్రం, క్యూలో ముందు నిలబడిందంటున్నావు కదా. ఎందుకు?"

నాకు కోపం వచ్చింది. కాయితాలు లాక్కుని సర్దేశాను. కరెంటు రాలేదు, ఉక్కకి ఇద్దరం మిద్దె మీద పడుకున్నాం. అప్పుడు చెప్పింది. మీ నాన్న ఉత్తరాలకి బదులు క్యాసెట్లో మాటలు రికార్డు చేసి పంపేవాడు. టేప్ రికార్డరు అత్తగారింట్లో హాల్లో ఉండేది. క్యాసెట్ వస్తే ఇల్లంతా చుట్టూ కూర్చునేది. ఆయన పేరుపేరునా అందరినీ పలకరించేవాడు, గేదె ఈనిందా అని కూడా అడిగేవాడు. చివర్లో మీ అమ్మ పేరు చెప్పి ఆగేవాడు. కాసేపు ఏమీ ఉండదు, టేపు తిరుగుతున్న గరగర తప్ప. అందరూ వింటారని ఆయనకీ తెలుసు. "ఆరోగ్యం జాగ్రత్త" అనేవాడు, అయిపోయేది. ఆ క్షణంలో ఇంట్లో వాళ్ళందరూ తన మొహం వైపే చూసేవాళ్ళట.

"సినిమా హాల్లో మూడు గంటలు నా మొహం ఎవరూ చూడరక్కా. ఏడ్చినా సినిమాకి ఏడ్చిందనుకుంటారు" అంది.

ఇది విన్నాక నేనేం చేశానో అది నా తప్పు. ఏమీ చేయలేదు. పోటీ గడువు తొమ్మిది రోజులుంది. ఆ పాత్రని మళ్ళీ రాయాలంటే నవల సగం విప్పాలి. పైగా మీ అమ్మ చెప్పింది నిజమైతే నా ఇంగ్లీషు లెక్చరరు అంత గొప్పది కాకుండా పోతుంది. చీర రంగు మాత్రం మార్చి పోస్టులో వేశాను. మూడు నెలలకి అచ్చు చీటీ పెట్టి తిప్పి పంపారు. మీ పెద్దనాన్న అప్పుడే మొదటిసారి చదివి, "ఇంతమంది పిచ్చివాళ్ళుండే ఊళ్ళో ఎవరుంటారే? ఇక దాని గురించి భయం దేనికి?" అన్నాడు. ఆయన ఎల్‌ఐసీ మనిషి, సాహిత్యం తెలియదని కొట్టిపారేశాను. మీ అమ్మ ఆ తర్వాత నా రాతల గురించి ఒక్క మాట ఎత్తలేదు. ఇవాళ మధ్యాహ్నం దాకా.

చిన్నీ, వాళ్ళిద్దరూ చెప్పింది ఒకటే. సుఖాన్ని చూస్తే నోరూరేలా రాయి. పాఠకుడికి ఆ ఊళ్ళో ఇల్లు అద్దెకి దొరుకుతుందా అనిపించాలి. తర్వాత, ఆ సుఖం ఏ నొప్పి మీద పూసిన మందో చూపించు. ఆ నొప్పి ఎవరు పెట్టారో మనిషికి కనబడకుండా ఉండటమే అందులో కిటుకు. మీ నాన్నని అంత దూరం పంపిందీ, హాల్లో టేప్ రికార్డరు పెట్టిందీ సినిమా హాలు వాడు కాదు. వాడు టికెట్టు మాత్రమే అమ్మాడు. నేను టికెట్టు కొన్న పిల్లని పట్టుకుని వెక్కిరించాను.

హక్స్‌లీ కూడా ఇక్కడ కొంత తడబడ్డాడని నా అభిప్రాయం. లెనీనా అనే పిల్లని చూడు. అందంగా ఉంటుంది, చెప్పిందల్లా నమ్ముతుంది. బయటి నుంచి వచ్చిన జాన్ మీద మనసు పడుతుంది గాని, ఒక్కడి మీదే మనసు పడటానికి ఆ దేశంలో మాట లేదు. మాట లేని నొప్పి పట్టుకుని తిరిగి తిరిగి మాత్ర మింగుతుంది. ఆ పుస్తకంలో నాకు అందరికన్నా దుఃఖం కలిగించేది ఆ పిల్లే, కానీ రచయిత దాని మనసులోకి గట్టిగా పది నిమిషాలు వెళ్ళడు. బ్రాడ్‌బరీ 1953లో రాసిన ‘ఫారన్‌హీట్ 451’లో భార్య కూడా అంతే. చెవుల్లో రేడియో, మూడు గోడలకీ తెరలు, నాలుగోది కొనమని పోరు. ఒక రాత్రి నిద్రమాత్రలు సీసాడు మింగేస్తుంది. వచ్చింది డాక్టరు కూడా కాదు, మెషీన్లు పట్టుకొచ్చిన ఇద్దరు పనివాళ్ళు. ఇలాంటివి రాత్రికి తొమ్మిదో పదో వస్తాయంటారు, ప్లంబర్లు మాట్లాడినట్టు. తెల్లారాక ఆవిడకి ఏమీ గుర్తుండదు. ఎందుకు మింగావని భర్త అడిగితే, నేనెందుకు మింగుతానంటుంది. ఆ ఇల్లు లోపలి నుంచి ఎలా ఉంటుందో ఆవిడ చెబితే వినాలని నాకు ఎప్పటి నుంచో కోరిక. నువ్వు రాయచ్చు.

మా ఊళ్ళో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి గారికి హక్స్‌లీ మంచి స్నేహితుడు. 1954లో వచ్చిన ఆయన పుస్తకం ‘ది ఫస్ట్ అండ్ లాస్ట్ ఫ్రీడమ్’కి ముందుమాట హక్స్‌లీదే. మనసు మీద పడ్డ ముద్రల గురించి కృష్ణమూర్తి గారు చెప్పినవి ఆ రోజుల్లో నేను క్లాసులో గడగడా అప్పజెప్పేదాన్ని. చూసే కన్ను కూడా ఆ ముద్రల్లోంచే చూస్తుందన్న మాట ఎన్నిసార్లు బోర్డు మీద రాశానో. నా కన్ను మాత్రం మినహాయింపు అనుకున్నాను.

ముద్ర అంటే గుర్తొచ్చింది. ఆ నవల్లో నిద్రపోయే పిల్లల దిండు కింద నుంచి మాటలు వినిపిస్తూ ఉంటాయి. రాత్రికి వంద సార్లు, వారానికి మూడు రాత్రులు, నాలుగేళ్ళు. బెర్నార్డ్ అనేవాడు మనసులో లెక్కేసుకుంటాడు, 62,400 సార్లు వింటే ఒక నిజం తయారవుతుందని. ఇది రాయడానికి నీకు లండన్ అక్కర్లేదు. ఇంటర్ మొదటి ఏడు సంక్రాంతికి హాస్టల్ నుంచి ఇంటికొచ్చావు. భోగి ముందు రోజు తెల్లవారుజామున నీళ్ళకని లేస్తే, నాలుగున్నరకి నువ్వు మంచం మీద చీకట్లో నిటారుగా కూర్చుని ఉన్నావు. పుస్తకం లేదు, ఫోన్ లేదు. ఏంటమ్మా అంటే, "బెల్లు కొట్టలేదు పెద్దమ్మా" అన్నావు. లేవాలో పడుకోవాలో తెలియక అరగంట అలా కూర్చున్నావట. నేను పక్కన పడుకుని నీ వీపు నిమిరితే గాని నిద్రపోలేదు. మొదటి అధ్యాయం అదే కావాలని నా ఆశ. బలవంతమేం లేదు.

ఇంకో రెండు మాటలు. నీ నవల్లో పాలించేవాడికి మంచి వాదన ఇవ్వు. హక్స్‌లీ ముస్తఫా మాండ్‌కి ఇచ్చాడు. మాండ్ చదువుకున్నవాడు, ఒకప్పుడు తనూ దారి తప్పబోయినవాడు, నిషేధించిన పుస్తకాలు తన ఇనప్పెట్టెలోనే దాచుకున్నవాడు. సైప్రస్ దీవిలో 22,000 మంది తెలివైనవాళ్ళని మాత్రమే పెట్టి చూశామంటాడు. ఆరేళ్ళు తిరక్కుండా అంతర్యుద్ధం, 19,000 మంది చచ్చాక మిగిలినవాళ్ళు మమ్మల్ని మళ్ళీ పాలించండి బాబూ అని అర్జీ పెట్టుకున్నారంటాడు. చదువుతుంటే ఒక నిమిషం వాడే కరెక్టనిపిస్తుంది. ఆ నిమిషం కోసమే పుస్తకం.

నీ హీరో బెర్నార్డ్ కాకుండా చూసుకో. వాడు వ్యవస్థని తిట్టేది తను పొట్టిగా ఉన్నాడని, ఆడపిల్లలు తనని లెక్కచేయరని. జాన్‌ని తెచ్చి నలుగురిలో పేరు రాగానే ఆ తిట్లన్నీ మాయం. నా లెక్చరరు అచ్చంగా వాడే. ఫ్రిజ్ వచ్చి ఉంటే నేనూ మాట్లాడేదాన్ని కాదు.

ముగింపు గురించి ఇప్పుడే దిగులు పడకు. హక్స్‌లీ తన జాన్‌కి ఉరితాడు ఇచ్చాడు. పద్నాలుగేళ్ళ తర్వాత, 1946లో కొత్త ముందుమాట రాస్తూ తనే ఒప్పుకున్నాడు, వాడికి రెండే దారులు పెట్టడం లోపమని, అయితే ఆ పిచ్చి సుఖం, లేకపోతే ఆదిమ జాతి గూడెం అని, మూడోది ఉండాల్సిందని. ఆ మూడో దారి వెతుక్కుంటూ 1962లో ‘ఐలండ్’ రాశాడు. నవలగా అంత బాగుండదు, కానీ ముప్పై ఏళ్ళ తర్వాత వెనక్కి వెళ్ళాడు కదా. నాకు నలభై ఏళ్ళు పట్టింది.

నా కాయితాలు ఇంకా ఇనప్పెట్టెలో ఉన్నాయి, కింద మీ పెద్దనాన్న పాలసీ రశీదులూ పైన కలరా ఉండలూ. చదువుతానంటే ఇవ్వను. ఆ పదాల ఆట కూడా తీసేయలేదు, ఇప్పుడు రెండు వందలు దాటింది. నువ్వు మానేశాక ఆ మాటలు ఎవరు రాస్తారో తెలుసుకుని చెప్పు.

నవల పూర్తయ్యాక ముందు మీ అమ్మకి ఇవ్వు, నాకు తర్వాత. దాని వేలు ఎక్కడ ఆగుతుందో దూరంగా నిలబడి చూడు. క్యాసెట్ సంగతి నేను చెప్పానని అనకు. ఉద్యోగం మానేసేది ఎప్పుడో నీ నోటితో నువ్వే ఫోన్ చేసి చెప్పు, మెసేజ్ పెట్టకు. రాత్రి ఏడున్నర నుంచి తొమ్మిది మధ్య మాత్రం చేయకు, దాని సీరియల్ టైము.

పెద్దమ్మ